షిఫ్టులు మారే అంకెలు

నిన్న మా పాప ఫోనులో ఒకటిని ఏడుతో భాగించింది. తెరమీద దశాంశ బిందువు పక్కన 142857 కనబడగానే నాకు మందమర్రిలో మా క్వార్టర్ గచ్చు గుర్తొచ్చింది.

బొగ్గుగనిలో నైట్ షిఫ్టు చేసి వచ్చిన బాపు ఆ గచ్చుమీద బొగ్గుముక్కతో ఈ సంఖ్యే రాసి, "రెండుతోని గుణించు బిడ్డా," అని పక్కనే పడుకున్నాడు. 285714 వచ్చింది. మూడుతో గుణిస్తే 428571.

"బాపూ, గవే అంకెలు! జాగలే మారినయి!"

"షిఫ్టులు మారినయి," అన్నాడు కళ్లు మూసుకునే.

ఆరు దాకా అదే తంతు. ఏడుతో గుణిస్తే మాత్రం 999999! గాబరాగా బాపును కుదిపి లేపాను.

"అందరు ఒక్కలెక్కయిండ్రు బాపూ!"

"ఏడోది ఐతారం గదా. తానం జేసి కూసున్నరు."

నమ్మేశాను. అంకెలకూ సెలవుంటుందని బడిలో అందరికీ చెప్పాను కూడా.

"అమ్మా, ఇది అయిపోదా?" అంది పాప. కాగితం తీసుకుని నేనే భాగించుకుంటూ పోయాను. అవే ఆరు అంకెలు, అదే వరసలో, మళ్లీ మళ్లీ. బాపు ఆదివారాలు కూడా డ్యూటీకి పోయేవాడని అప్పుడు గుర్తొచ్చింది. ఎంతసేపు భాగించినా ఆ వరసలో ఒక్క తొమ్మిదీ రాలేదు.