మొగులయ్య నశ్యం డబ్బీ

మొగులయ్యకు ఒకటే బీమారి. ఎవ్వరు ఏ ముచ్చట చెప్పినా నడుమల దూరి "అంటే ఏంది?" అని అడుగుతడు. దవాఖానకు పోతే తగ్గే బీమారి కాదది. ఒకపారి కడుపునొస్తున్నదని పోతే డాక్టరు "అజీర్తి" అన్నడట. "అంటే ఏంది?" అన్నడట ఈయన. "తిన్నది అరుగుత లేదు." "మరి గట్లనే చెప్పరాదు సారూ, జర పరేషాన్ తగ్గుతుండె కద!" షంషాబాదుల ఈ ముచ్చట తెల్వనోళ్లు లేరు.

పోనీ చదువురానోడా అంటే, అదే కదా తమాషా! తాలూకా కచ్చేరిల ముప్పై ఏండ్లు ఉర్దూ, ఫార్సీ కాయితాలు రాసి పించను తీసుకున్నోడు. పురాణం చెప్పే అయ్యవారు సుత మోక్షం దాకా వచ్చిండంటే ఒకపారి మొగులయ్య దిక్కు చూసి, ఆ ముచ్చట రేపటికి వెట్టుకునేటోడు.

అడిగేటందుకు ఒక తీరుండె. అందరికన్న ముందట కూసుంటడు. పెద్ద మాట ఒకటి వడంగనే దోతి బొడ్లకెల్లి ఇత్తడి నశ్యం డబ్బీ తీస్తడు. చెప్పే పెద్దమనిషి మీద తుమ్ము వడొద్దని మెడ వెనుకకు తిప్పుతడు. రెండు వేళ్లు ముక్కుకు ఆనిస్తడు. మల్ల ముందటికి తిరిగి "అంటే ఏంది?" అంటడు. వెనుక కూసున్నోళ్ల మీద తుమ్మితే పర్వలేదా అని ఎవ్వరూ అడగలె. అసలు ఆయన తుమ్మంగ చూసినోళ్లే లేరు. అలవాటైన ముక్కు, తుమ్మదేమో అనుకున్నరు.

ఈయనతోని అందరికన్న ఎక్కువ గోస పడ్డోడు అనంతయ్య. బడిపంతులు, ఊరి గ్రంథాలయానికి కార్యదర్శి. పట్నంల ఏ సభ జరిగినా పోయి తలుపు కాడ నిలవడి ఇనొచ్చేటోడు. "ఎప్పటికి మనమే పోవుడా? ఒక్కపారన్న గా పండితులు రైలెక్కి మన ఊర్ల దిగొద్దా?" అని ఆయన పాణం కొట్టుకునేది. పెద్ద యుద్ధం అయిపోయిన ఏడు, పాటల మీద, చరిత్ర మీద పరిశోధన సభ పెట్టేటోళ్లకు పైకమిస్తమని యూనివర్సిటీవాళ్లు పేపర్ల వేసిండ్రు. అనంతయ్యకు ఆ రాత్రి అన్నం సయించలె. కూసోని దరఖాస్తు రాసిండు. పొద్దుగాల మొగులయ్యకు చదివిండు, కచ్చేరి కాయితాల మర్మం తెలిసినోడని.

"'జానపద వాఙ్మయ పరిశోధనా సదస్సు నిర్వహణార్థం ద్రవ్య సహాయము కోరుతూ...'"

"వాఙ్మయం అంటే ఏంది?"

"పాటలు, కతలు బాపూ."

"నిర్వహణార్థం?"

"జరిపించేటందుకు."

"ద్రవ్య సహాయం?"

"పైసలు బాపూ, పైసలు!"

"మరి పాటల సభకు పైసలియ్యుండ్రి అని రాస్తే ఇయ్యరా?"

"ఇయ్యరు! అందరికి అర్థమైతే అది దరఖాస్తు ఎట్లయితది?" అని అనంతయ్య కాయితం గుంజుకున్నడు.

నెలకు జవాబు వచ్చింది. షాద్‌నగరోళ్లు కూడ అడిగిండ్రట. ప్రొఫెసరు ఒకాయన రెండూర్లూ తిరిగి, ఏ ఊరోళ్లకు నిజంగ సభ అక్కెర ఉన్నదో చూసి చెప్తడట. అనంతయ్యకు సంబురం కన్న ముందు మొగులయ్య యాదికొచ్చిండు.

"బాపూ, నీ పుణ్యముంటది. ఆ ఒక్కనాడు జర నోరు మూసుకోని కూసో."

"మూసుకునుడు అంటే ఏంది?"

ఇగ లాభం లేదనుకున్నడు అనంతయ్య. డబ్బీ లేకుంటే మెడ తిరగదు, మెడ తిరగకుంటే ప్రశ్న రాదు. ప్రొఫెసరు వచ్చిన్నాడు గ్రంథాలయం గడపల మొగులయ్యను ఎన్నడు లేంది కావలించుకోని, బొడ్లకెల్లి డబ్బీ కొట్టేసిండు. పంతులు చేసే పనేనా అది! కని గరజు గట్ల చేయించింది.

ఊరంత వచ్చింది. పక్కూరు సాతంరాయికెల్లి ఇసుర్రాయి పాటలు పాడే ఈరమ్మ సుత నడిచొచ్చి వెనుక గోడకు ఆనుకోని కూసున్నది. అనంతయ్య గొంతు సవరించి "జానపద వాఙ్మయ..." అని ఎత్తుకున్నడు. ముందటి వరుసల మొగులయ్య బొడ్లె తడుముకున్నడు, చాప కింద చూసిండు, పక్కన కుర్మయ్యను లేపి ఆయన కింద కూడ చూసిండు. ఏం దొరకలె. మూతి ముడుచుకోని ఊకున్నడు. అనంతయ్య ఉపన్యాసం అడ్డులేకుంట సాగింది. ఆయన జన్మల అసుంటి సుఖం ఎరుగడు.

అంత అయినంక ప్రొఫెసరు లేచిండు. కోస్తా దిక్కు మనిషి, మెత్తగ మాట్లాడుతడు. "చాలా బాగుందండీ. ఈ సదస్సు మీ ఊరికి ఎందుకు కావాలో, కూర్చున్నవారిలో ఎవరైనా ఒక్క మాట చెబుతారా?"

కుర్మయ్య గడ్డం గోక్కున్నడు.

"అనంతయ్యగారూ, మీకు కావాలని తెలుస్తోంది. ఊరికి కావాలా అన్నదే నా సందేహం," అని ప్రొఫెసరు గొడుగు చేతికి తీసుకున్నడు.

సభ షాద్‌నగర్ పోతున్నది! ఏం చెయ్యాలెనో తోచక అనంతయ్య జేబుల డబ్బీ తీసి చిటికెడు నశ్యమన్న పీలుద్దామని మూత తెరిచిండు. అండ్ల ఏం లేదు. తోమిన గిన్నె లెక్క తళతళ మెరుస్తున్నది. వాసన సుత లేదు.

ఖాళీ డబ్బీ పట్టుకోని ఇన్నేండ్లు ఈ మనిషి మెడ దేనికి తిప్పినట్టు?

అప్పుడు అనంతయ్య తలకాయ లేపి వెనుక వరుసల దిక్కు చూసిండు. చేతిల కాయితం పట్టుకున్నకాడికెల్లి అటు చూసుడు అదే మొదలు. బంతిల కూసున్నంక ఇస్తర్ల వడ్డన రానోళ్ల తీరుగ కూసున్నరు అందరు. ఈరమ్మ చాప ఈనెలు పీకుతున్నది. మొగులయ్య అడిగినప్పుడల్ల జవాబు ఎవరికి చేరేదో అనంతయ్యకు అప్పుడు సమజైంది. సిగ్గుతోని చెవులు కాలినయి.

"బాపూ!" అన్నడు గట్టిగ. "సదస్సు అంటే ఏందో అడగవేంది?"

"నువ్వే కద నోరు మూసుకోమన్నవు?"

సభంత గొల్లున నవ్వింది.

"తప్పైంది, అడుగు బాపూ. నీ కాల్మొక్త."

"సరే తియ్యి. అంటే ఏంది?"

"మన ఇసుర్రాయి పాటలు, నాట్ల పాటలు ఎవరు కట్టిండ్రు, యాడికెల్లి వచ్చినయని నలుగురు పెద్దలొచ్చి మనతోని కూసోని ముచ్చట వెట్టుకునుడు."

"గంతేనా!" ఈరమ్మ గోడ ఇడిచి ముందటికి జరిగింది. "గా ముక్క మొదలే చెప్పొద్దా పంతులూ? నేను పాడే పాటనే షాద్‌నగర్ల మా ఆడిబిడ్డ పాడుతది. మా పాటల కోడలు గెలుస్తది, వాళ్ల పాటల అత్త గెలుస్తది. గట్లెందుకైందో జర చెప్తరా వాళ్లు?"

"మా అవ్వ పాటల ఇద్దరూ ఓడుతరు!" అన్నడు కుర్మయ్య. ఇగ జూడుండ్రి, సంత లేచినట్టు లేచింది సభ. ప్రొఫెసరు గొడుగు పక్కకు పెట్టి మల్ల కూసున్నడు. పట్నం రైలు కూత వేసి పోయింది, ఆయన ఇననే లేదు.

పైకం మంజూరైంది. డబ్బీ ఇయ్యవోయిన అనంతయ్య "ఎందుకు బాపూ గిట్ల?" అని అడిగిండు.

"వెనుక కూసున్నోళ్లకు సిగ్గు ఎక్కువ బిడ్డా. నాకు మొదటికెల్లి లేదు. లేనోడు అడిగితే ఏం పోతది?"

సభ నాటికి అనంతయ్య పట్నం పోయి మంచి నశ్యం కొని, ప్రేమతోని డబ్బీ నిండ నింపి మొగులయ్య చేతిల పెట్టిండు. పట్నం పండితుడు లేచి "అలౌకిక రసానుభూతి" అన్నడు. మొగులయ్య అలవాటు చొప్పున డబ్బీ తెరిచిండు, మెడ తిప్పిండు, రెండు వేళ్లు ముక్కుకు ఆనించిండు. అంతే! తుమ్ము మీద తుమ్ము. "అం... అంటే... హాఛ్!" పండితుడు ఆగిండు. సభ అంత ఆగింది. ప్రశ్న మాత్రం బయటికి వస్తలేదు.

వెనుకకెల్లి ఈరమ్మ లేచి, కొంగు నడుముకు చెక్కింది.

"అంటే ఏందయ్యా?"

పండితుడు నవ్వి చెప్పుడు సురువు చేసిండు. మొగులయ్య కండ్లు తుడుసుకున్నడు. నశ్యం అంత కిటికీలకెల్లి బయట పారవోసి, డబ్బీని కండువతోని శుభ్రంగ తుడిచి మల్ల బొడ్లె చెక్కుకున్నడు.

"ఇగ అది నీకెందుకు బాపూ? ఈరమ్మ అడుగుతున్నది కద," అన్నడు అనంతయ్య, ఆయన చెవిల.

"రేపు కూడ సభ ఉన్నది కద బిడ్డా," అన్నడు మొగులయ్య. "ఆమె రాకపోతే ఎట్ల?"