సిరిసిల్లలో నాలుగు సాంచాలు

పొద్దున ఆరున్నరకు జగిత్యాల బస్టాండులో కోరుట్ల బస్సెక్కాను. ముందు రోజు స్వరూప ఫోన్ చేసినప్పటి నుంచి నా కాలు నిలవడం లేదు. "పెద్దమ్మా, రేపు నాలుగు సాంచాలు నాకిస్తున్నరు. అమ్మమ్మను తోల్కొని రా" అంది.

సాంచా అంటే మా వైపు మరమగ్గం. స్వరూప మా చిన్నమ్మ మనవరాలు. భర్త దుబాయిలో ఉంటాడు. ఈ పిల్ల పదేళ్లుగా సిరిసిల్లలో ఒక ఆసామి, అంటే మగ్గాల యజమాని, కార్ఖానాలో కండెలు చుడుతోంది. మగ్గంలో అటూ ఇటూ తిరిగే నాడెలో పెట్టే చిన్న గొట్టానికి నూలు చుట్టి కండె చేసేది ఆడవాళ్లు, మగ్గం నడిపేది మగవాళ్లు. మా తాతల గుంట మగ్గాల నాటి నుంచి మా ఇళ్లలో ఇదే పద్ధతి. ఇప్పుడు నడిపేవాళ్లు గల్ఫుకు పోయి నాలుగు మగ్గాలు ఖాళీగా పడి ఉంటే స్వరూప తనకియ్యమని అడిగింది. ఆసామి నెల రోజులు నసిగి, చివరికి ఒక షరతు మీద ఒప్పుకున్నాడు. మూడు గంటలకు బట్ట చూస్తాడు. తప్పులుంటే మళ్లీ కండెల దగ్గరికే.

నేను ముప్పై ఏళ్లు బడిలో సోషల్ చెప్పాను. ఏ దేశపు ఆడవాళ్లు ఓటు కోసం ఎన్నేళ్లు కొట్లాడారో పిల్లల చేత బట్టీ పట్టించాను. మా ఇంటి పిల్ల కొట్లాట చూడకుండా ఎట్లా ఉంటాను?

ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరమ్మ ఆడవాళ్లకిచ్చే ఉచిత జీరో టికెట్ ఇచ్చింది. బస్సు నిండా ఆడవాళ్లే. బీడీల గంపలు, ఆస్పత్రి డ్యూటీకి పోయే పిల్లలు, కూరగాయల సంచులు. వెనక నిలబడ్డ ఒక పెద్దమనిషి తనకు కూర్చునే జాగా లేదని గొణిగాడు. కండక్టరమ్మ తల కూడా తిప్పలేదు. "ఇన్నేండ్లు మీరే కూసున్నరు గదా తాతా. గీ జరసేపు నిలవడు" అంది. బస్సంతా నవ్వింది, తాత కూడా నవ్వాడు.

ఏడూ ఇరవైకి కోరుట్ల. చిన్నమ్మ నాకంటే ముందే బస్టాండుకు వచ్చి, బియ్యప్పిండి సర్వప్పల డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. డెబ్బై ఆరేళ్ల మనిషి. మనవరాలు మగ్గం నడుపుతుందంటే సంతోషమా అని అడిగాను. బట్ట చెడిపోతే నలుగురిలో నవ్వులపాలవుతుంది కదా అని ఆమె దిగులు.

ఏడూ నలభైకి వేములవాడ బస్సు దొరికింది. కథలాపూర్‌లో ఎక్కిన ఒక పసుపు రైతు చిన్నమ్మ పక్కన కూర్చుని మాట కలిపింది. వయసులో ఉన్నప్పుడు ఏం పని చేసేదానివని అడిగింది.

"నేనేం పని జేసిన బిడ్డా? మా ఇంటాయన నేసేటోడు. నేను ఇంటికాడ ఉంటుంటి."

నాకు ఒళ్లు మండింది. నలభై ఏళ్లు తెల్లారకముందే లేచి రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టిన మనిషి ఈమె! ఆ మాటే అంటే, "అదో పనేనా" అని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. రుద్రంగి దాటేదాకా నేనూ మూతి ముడుచుకున్నాను.

వేములవాడలో దిగి చాయ్ తాగి, ఇంకో బస్సు పట్టుకుని పదింటికి సిరిసిల్ల చేరాం. షేర్ ఆటోలో మనిషికి ఇరవై. సందు మలుపు తిరగకముందే సాంచాల చప్పుడు చెవులు నింపేసింది.

లోపల స్వరూపను చూసి ముందు గుర్తుపట్టలేదు. చీర మీద మొగుడి ఫుల్ చేతుల చొక్కా, నడుముకు బిగించిన కొంగు. రెండు మగ్గాలు ఇటు, రెండు అటు, నడుమ తాను. తెగిన పోగు అతికి, అయిపోయిన కండె మార్చి, అవతలి దానికి ఉరుకుతోంది. నాకు చప్పట్లు కొట్టాలనిపించింది. చిన్నమ్మ మాత్రం ఆ చొక్కా చూసి ముక్కు మీద వేలేసుకుంది.

మూలన స్వరూప కూర్చునే చోట మోటారు రాట్నం ముందు ఆసామే కూర్చుని ఉన్నాడు. చుట్టేవాళ్లు దొరకలేదట. "కండెలు చుట్టుడేముంది మేడం, ఎవలైన చుడుతరు" అన్నాడు.

పన్నెండు దాటాక మూడో మగ్గం మీద బట్టలో నూలు ఉండలు పడసాగాయి. స్వరూప ఆపి, తీసి, మళ్లీ నడిపింది. మళ్లీ అంతే. కాసేపటికి నాలుగో దాని మీదా అదే గోల. పిల్ల నాలుగూ ఆపేసింది. కళ్లలో నీళ్లు. పక్క మగ్గాల మగవాళ్లు చూస్తున్నారు. ఆసామి లేచి వచ్చాడు.

"గందుకే ఆడోళ్లకు సాంచాలు వద్దంటిని."

చిన్నమ్మ ముందుకు పోయి, నాడెలోంచి కండె తీసి బొటనవేలితో నొక్కింది. ఇంకోటి తీసి అదీ నొక్కింది.

"పిల్ల చేతిల తప్పు లేదు. కండె వదులున్నది, నూలు కుప్పకుప్ప జారుతున్నది. గివి ఎవలు చుట్టిండ్రు?"

అందరూ ఆసామి వైపు తిరిగారు. తర్వాత పక్క మగ్గం మనిషి ఒకడు పకాలున నవ్వాడు. ఆసామి ముఖం చూడాలి!

చిన్నమ్మ రాట్నం ముందు చతికిలబడింది. నూలు పోగును రెండు వేళ్ల నడుమ పట్టి కండె వెనక కండె చుట్టింది. ఆ కండెలు వేసుకున్న సాంచాలు మళ్లీ ఎక్కడా తడబడలేదు. ఇక్కడ ఆసామిని మెచ్చుకోవాలి. వచ్చి ఆమె పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"ఎంత బిగవట్టాలె అవ్వా?"

"తెగనంత, జారనంత. ఒక్కనాటికి అచ్చే పని గాదు కొడుకా."

మూడింటికి బట్ట చూశాడు. ఉండలున్న ముక్క పక్కకు పెట్టి, అది తన ఖాతాలో తప్పు అన్నాడు. మిగిలినదంతా చేత్తో తడిమి, రేపటి నుంచి నాలుగూ స్వరూపవే అన్నాడు. ఈసారి నేను ఆగలేదు, చప్పట్లు కొట్టేశాను. స్వరూప మా ఇద్దరినీ కలిపి కావలించుకుంది. చల్లారిన సర్వప్పలు ముగ్గురం అప్పుడు తిన్నాం.

నాలుగున్నరకు తిరుగు బస్సు. మీరు ఎప్పుడైనా సిరిసిల్ల వెళ్లి సాంచాలు చూస్తే, మూలన రాట్నం దగ్గర కూడా కాసేపు నిలబడండి. ముప్పై ఏళ్ల పాఠాల్లో నేను ఆ మూల గురించి ఒక్కసారైనా చెప్పలేదు, అందుకు సిగ్గుపడ్డాను.

వేములవాడ దాటాక పక్క సీటు అమ్మాయి ఎక్కడి నుంచి వస్తున్నారని చిన్నమ్మను అడిగింది. కార్ఖానా నుంచి అని చెబితే, ఈ వయసులో అక్కడ నీకేం పని అంది.

చిన్నమ్మ నూలు కోసుకుపోయి ఎర్రబడ్డ వేళ్లు ఆ పిల్లకు చూపించింది.

"నాది నేతపని బిడ్డా. నలభై ఏండ్లు జేసిన."