గొట్టం తీసేసిన రోజు

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తొలి ఏళ్ళలో మా నాయనకు మూత్రసంచిలో రాయి పడింది. మాది పుల్లలచెరువు పక్కన పల్లె. నాయన గొర్రెలు మేపేవాడు. పొద్దంతా ఎండలో తిరుగుతూ, నీళ్ళు దొరికినప్పుడే తాగే మనిషి. మార్కాపురం డాక్టరు చూసి కోసి తీయాల్సిందే అన్నాడు. అమ్మ అప్పటికే పోయింది. పెళ్ళికాని కూతుర్ని నేనే తోడుగా రైలెక్కి, నాయనను దూరాన ఉన్న పెద్దాసుపత్రికి తీసుకుపోయాను.

రాయి తీశారు. చింతగింజంత ఉంటుందనుకున్నాను, నిమ్మకాయంత ఉంది. నాయన దాన్ని గుడ్డలో కట్టుకుని వార్డులో అందరికీ చూపించాడు. ఒంటేలు పోవడానికి రబ్బరు గొట్టం పెట్టి, దాని కొసను మంచం కింద సీసాలోకి వదిలారు.

కొన్నాళ్ళకు చలిజ్వరం పట్టుకుంది. సీసాలోకి దిగే ఒంటేలు బియ్యం కడిగిన నీళ్ళలా ఉండేది. పెన్సిలిన్ సూదులు వేశారు. సల్ఫా బిళ్ళలిచ్చారు. పొద్దున తగ్గినట్టే ఉండి సాయంత్రానికి మళ్ళీ వణుకు. గొట్టాలున్న పక్క మంచాల వాళ్ళిద్దరిదీ అదే పరిస్థితి.

"దిగులు పడాకు పాపా. కోత మానింది గదా, ఇదీ పోతాది" అనేవాడు నాయన. జ్వరం లేని పూట ఆ ఇద్దరికీ గొర్రెల కబుర్లు చెప్పేవాడు.

వార్డు చూసే చిన్న డాక్టరు ముగ్గురి ఒంటేలూ పరీక్షకు పంపాడు. ఫలితం తెలిశాక వచ్చి నాయన మంచం అంచున కూర్చున్నాడు.

"పెద్దాయనా, మీ ముగ్గురికీ పట్టింది ఒకటే క్రిమి. మేమిచ్చే మందులకు అది చావడం లేదు. వాటి మధ్యనే బతకడం నేర్చుకుంది."

"నేను ఊర్నుంచి తెచ్చినానా సార్?"

"లేదు, ఈడనే అంటుకుంది. గొట్టం వెంబడి లోపలికి పోయింది. మేమింకా శుభ్రంగా ఉండాల్సింది."

డాక్టరు అంత మాట పైకి అంటాడని నేననుకోలేదు. ఆయన మీద గురి కుదిరింది.

"గొట్టం తీసేస్తాను. అది ఉన్నన్నాళ్ళూ క్రిమి వదలదు. కొత్త బిళ్ళ ఒకటి వచ్చింది, దానికి లొంగుతుందని పరీక్షలో తేలింది" అన్నాడు.

గొట్టం తీసి, నాయన మంచాన్ని వరండాలోకి మార్చారు. ఒంటేలు దానంతటది వస్తుందో రాదోనని నాకు గుబులు. నాయన చెంబు మీద చెంబు తాగాడు. మధ్యాహ్నం దొడ్డి వైపు నుంచి ఆయన గొంతు వినిపించింది.

"పాపా, వచ్చింది."

వరండా అంతా నవ్వింది. కొత్త బిళ్ళలకు ఒంటేలు టీ రంగుకు మారితే భయపడ్డాం. అది మందు రంగేనని నర్సమ్మ చెప్పింది. జ్వరం మళ్ళీ రాలేదు. పక్కవాళ్ళలో ఒకాయన మాతోపాటే ఇంటికి బయల్దేరాడు. రెండో ఆయన, బాగా ముసలాయన, మేం వచ్చేనాటికి ఇంకా జ్వరంతోనే ఉన్నాడు. ఆయన సంగతి తర్వాత తెలియలేదు.

"నీళ్ళు బాగా తాగాల" అని డాక్టరు మరీ మరీ చెప్పాడు. మా ఊళ్ళో నీళ్ళకే కరువు. బావి దూరం, వేసవిలో ఊట కోసం కూర్చోవాలి. ఇల్లు చేరాక ఆ మాట పక్కింటి పిన్నితో అన్నాను. మర్నాటి నుంచి బావి నుంచి వచ్చే ఆడవాళ్ళంతా మా గడప దగ్గర ఆగి, తలా ఒక చెంబు మా కుండలో పోసి పోయేవాళ్ళు. పోస్తూ పోస్తూ నాయనను పలకరించేవాళ్ళు.

"ఏం మామా, మంట తగ్గిందా? ధారగా వస్తాందా?"

నాయన తల వంచుకుని నవ్వేవాడు. కొన్నాళ్ళు చూసి, ఒక పొద్దున కర్ర అందుకున్నాడు.

"ఊరి ఆడోళ్ళందరికీ నా ఒంటేలు సంగతే అయిపోయింది. నేను గొర్రెల్లోకి పోతా పాపా" అన్నాడు.

సొరబుర్ర నిండా నీళ్ళు పోసి ఆయన భుజానికి తగిలించాను.