దిబ్బ మీద అమ్మమ్మగారిల్లు

మా తమ్ముడి కొడుకు విశాఖ నుంచి వచ్చినప్పుడల్లా ఆమదాలవలసలోని మా ఇంట్లో ఏదో ఒక వాసన వదిలి వెళ్తాడు. ఈసారి వదిలింది ఎండ తగలకుండా ఒంటికి రాసుకునే క్రీము వాసన. సీసా మీద కొబ్బరికాయ బొమ్మ ఉంది గానీ, లోపలున్నది చెట్టు మొహం ఎరగని కొబ్బరి. "అత్తా, మాల్దీవుల దాకా ఎందుకు, మన పక్కనే ఐలాండ్ ఉంది. టెంట్లు వేసుకుని ఉంటాం, ఎవరూ ఉండరు, ప్రశాంతం" అంటూ ఫోనులో బొమ్మ చూపించాడు. చూద్దును కదా, వంశధార సముద్రంలో కలిసే మొగలో, ఎవరో తినేసి పారేసిన విస్తరాకులా పడి ఉండే మా ఇసకదిబ్బ! దానికి కాస్త నీలం రంగు పులిమి, ప్రశాంతత అని పేరు పెట్టి అమ్ముకుంటున్నారు. కొనేవాళ్ళని చూసి నవ్వుదామనుకున్నాను గానీ, ఆ దిబ్బకి సెలవులకి వెళ్ళాలని కలలు కన్న మొదటి తెలివితక్కువ మనిషిని నేనే.

మాది వేటకెళ్ళే కుటుంబం. మా వీధిలో సంబంధాల కోసం ఎవరూ చెప్పులరిగేలా తిరగలేదు, మేనరికాలు కలుపుకుంటూ ఉన్నచోటే ఉండిపోయారు. మా అమ్మని ఎదురింటికే ఇచ్చారు. అంచేత మా అమ్మమ్మగారిల్లు మా గుమ్మంలో నిలబడితే కనపడేది, అక్కడ పులుసు మరుగుతుంటే చింతపండు ఎక్కువైందో లేదో ఇక్కడినుంచే వాసనతో చెప్పేసేవాళ్ళం. వేసవి వస్తే వీధంతా ఆరబోసిన నెత్తళ్ళ వాసన, తడి వలల వాసన, మగ్గిన జీడిపళ్ళ వాసన కలిసిపోయి, మగవాళ్ళు నీడన కూర్చుని కాలిబొటనవేలికి వల తగిలించుకుని చిరుగులు అల్లుకుంటుంటే, మేం పీతల్ని పట్టి పందేలు వేసి, ముంజకాయలు బొటనవేలితో పొడుచుకు తాగి, ఆ జిగురు చేతులతోనే గవ్వలాట ఆడేవాళ్ళం. ఇవన్నీ బాగానే ఉండేవి, మళ్ళీ బడి తెరిచేదాకా.

బడి పక్కూళ్ళో. అక్కడ రైతుల పిల్లలు చదివేవారు. వాళ్ళలో సరోజిని ఒకతె ఏటా గరివిడి దగ్గర అమ్మమ్మగారి ఊరెళ్ళి వచ్చి, ఆ ఊరి గురించి వానాకాలమంతా చెప్పేది. గుమ్మంలో అడుగు పెట్టగానే అమ్మమ్మ కాళ్ళకి నీళ్ళిచ్చిందట, "చిక్కిపోయావే" అని కళ్ళు తుడుచుకుందట, పాకుండలు వండిందట. తర్వాతెప్పుడో పెళ్ళికెళ్ళి ఆ ఊరు చూశాను. ఒక నుయ్యి, నాలుగు గేదెలు, ఒక పెంటపోగు. దానికా అంత గొప్ప! కానీ అప్పుడు చూడలేదు కదా. "నువ్వెక్కడికెళ్ళావే?" అని అదడిగితే "ఎదురింటికి" అన్నాను. బల్ల మీదున్న పిల్లలందరూ పలకలు జారిపోయేలా నవ్వారు.

వెళ్ళడానికి మాకు వేరే ఊళ్ళో చుట్టాలెవరూ లేరు గనక, మరుసటి వేసవికి దిబ్బకి వెళ్తానని పట్టు పట్టాను. మా అమ్మ నెత్తి కొట్టుకుంది.

"దిబ్బకి సెలవులకేటే? కాకులెల్తాయే అక్కడికి!"

అమ్మమ్మ మాత్రం చేస్తున్న పని ఆపి నా మొహంకేసి చూసింది. "ఉండవే. గుంట ఇస్కూల్లో తలెత్తుకోవాల. నాను ముందెల్లి అక్కడుంటాను, మీరు తీసుకురండి. ఒక రాత్రి నిద్ర సేస్తే ఎల్లినట్టే గదా" అంది. మా వాళ్ళ లెక్క అదే: తిన్నది లెక్కలోకి రాదు, నిద్ర చేస్తేనే చుట్టరికానికి వెళ్ళినట్టు.

తెల్లారగానే మావ, అంటే అమ్మ తమ్ముడు, అమ్మమ్మని పడవలో దించి వచ్చాడు. రెండో విడతలో అమ్మ, నాన్న, నేను. వెళ్ళేసరికి వెంట తెచ్చుకున్న పాత తెడ్లు పాతి, వాటి మీద తెరచాప కప్పి, అమ్మమ్మ ఒక ఇల్లు కట్టేసింది. ఆ రోజు పొద్దున్న నాకు జడ వేసిన మనిషే, నన్నెప్పుడూ చూడనట్టు గుడ్డ కిందనుంచి వంగి బయటికొచ్చి, "ఏటే తల్లీ, దూరాబారం నుంచొచ్చినావు, ఎంత సిక్కిపోయినావే!" అని, ఇంటినుంచి తెచ్చిన ఇత్తడిచెంబెడు మంచినీళ్ళు నా కాళ్ళ మీద ఆఖరి చుక్కదాకా పోసింది. మనవరాలికి ఉప్పునీళ్ళతో కాళ్ళు కడుగుతారా మరి! తర్వాత పాకుండలు పెట్టింది. మహారాణిలా కూర్చుని, నోరంతా బెల్లం అయ్యేదాకా తిన్నాను.

అప్పుడు దాహం వేసింది.

మావాళ్ళు ఏటా వానలు వెనకబట్టాక చేపలు ఎండబెట్టుకోవడానికి ఆ దిబ్బ మీద మకాం వేసేవారు. అప్పుడు ఏరు నిండుగా ఉండి, ఇసకలో మోచెయ్యి లోతు చెలమ తవ్వితే తియ్యటి నీళ్ళు ఊరేవి. అంచేత దిబ్బకి తాగడానికి నీళ్ళు మోసుకెళ్ళిన మనిషి మా వంశంలోనే లేడు. ఎండాకాలంలో ఏరు సన్నబడి సముద్రం లోపలికి ఎక్కి కూర్చుంటుందని అందరికీ తెలుసు, చెలమలోనూ అదే సముద్రం ఊరుతుందని ఒక్కరికీ తోచలేదు. నాన్న తవ్వి, దోసిలితో నోట్లో పోసుకుని ఉమ్మేశాడు. ఇంకోచోట తవ్వాడు, అక్కడా ఉమ్మేశాడు.

"అత్తా, తెచ్చిన నీళ్ళేవి?"

"గుంట కాళ్ళకి పోసినాను."

"ఇంకేటి బావ," అన్నాడు మావ, "అందరం వరసన కూకుని గుంట కాళ్ళు నాకుదాం."

పడవ చూస్తే పాటుకి నీరు వెనక్కి తీసేసరికి ఇసక మీద పక్కకి ఒరిగిపోయింది. పాటు లాగేటప్పుడు మొగలో ఈదబోతే నేరుగా సముద్రంలోకే పోతారు. పోటు వచ్చి పడవ తేలేదాకా కదలడానికి లేదు. తేలగానే అందరూ వెళ్ళిపోవాలని పెద్దవాళ్ళు తేల్చేశారు. నా రాత్రి పోయింది. "నాకు దాహం లేదు" అన్నాను. నాలుక అంగిటికి అతుక్కుపోయి మాట సరిగా రాలేదు. అయినా అన్నాను. అమ్మ తిట్టింది. అలిగి నీటంచున పుల్ల పాతి కూర్చుంటే, మావ పక్కన చతికిలబడి, పోటు రోజుకి రెండు ఘడియల చొప్పున ఆలస్యమవుతుందని, తిథి తెలిస్తే వేళ తెలిసిపోతుందని చెప్పాడు. ఏ బడీ నేర్పని లెక్క నాకు అలా పట్టుబడింది. పట్టుబడి ఏం లాభం! పొద్దు గుంకేవేళకి పడవ తేలుతుందని తేలింది, అంటే రాత్రి రాకముందే.

అలాగే తేలింది. నాన్న నన్ను ఎత్తుకోబోతే అమ్మమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగరా. గుంట నిద్ర సెయ్యాల."

"నీళ్ళు లేక సత్తుంటే నిద్రేటే ముసిలీ!" అని అరిచాడు మావ, పడవ పట్టుకుని.

అమ్మమ్మ వినిపించుకోలేదు. నా తల ఒళ్ళో పెట్టుకుని, ఆరిపోయి బీటలేసిన పెదాలతో ఏదో పాడబోయి, గొంతు రాక మానేసి, వీపు మీద తట్టింది. "కల్లు ముయ్యి." మూశాను. ఇసక వేడిగా ఉంది. నిద్రపోయానో లేదో నాకే తెలియదు. "అయిపోయినాది. నా మనవరాలు నిద్ర సేసినాది. ఇంక తీసుకెల్లండి" అనడం మాత్రం వినపడింది. బడిలో సరోజిని అడిగితే అమ్మమ్మగారింట్లో నిద్ర చేసి వచ్చానన్నాను. ఎవరూ నవ్వలేదు.

నన్ను కూడా ఆ వీధిలోనే ఇచ్చారు. తర్వాత సముద్రం ఒడ్డు కోసుకుంటూ వచ్చి, ఒక్కొక్క ఇల్లే తీసుకుపోతే, జనం తలో దిక్కూ పోయారు, మేం ఈ ఆమదాలవలస చేరాం. అంచేత ఇప్పుడు పుట్టిల్లు నాకు కావలసినంత దూరం. బస్సెక్కి, దిగి, ఆటో మాట్లాడుకుని వెళ్ళాలి. పోయిన వేసవిలో వెళ్ళాను. మా గుమ్మం ఉండేచోట ఒక అల విరిగింది, ఎదురింటి గుమ్మం ఉండేచోట ఇంకో అల. కాసేపు నిలబడి, చివరి బస్సు తప్పిపోతుందని తిరిగి వచ్చేశాను.