మూడో మాట

దెయ్యాలున్నాయని నేనెప్పుడూ నమ్మలేదు. జ్ఞానం ఎక్కువై కాదు. మా బరంపురంలో తిరిగే దెయ్యాల్లో సగం నేను పుట్టించినవే. గోపాల్‌పూర్ ఆఖరి బస్సెక్కి చిల్లర కోసం కండక్టరుతో దెబ్బలాడే తెల్లచీర మనిషి నా కల్పనే. ఊరంతా తిరిగి చివరికి నాకే ఎవరో ఒట్టేసి చెప్పారు.

నేను ఏనుగంటే మా బజారువాళ్లు మేక అని అర్థం చేసుకుంటారు. అందుకే ఇది రాయడానికి ఇన్నాళ్లు వెనకాడాను. ఇందులో మేకను మేకగానే రాస్తున్నాను.

మా రమణక్క నాకన్నా చాలా పెద్దది. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆవిడే. మాది పసుపు, చింతపండు టోకు వ్యాపారం. ఇంట్లో గుడ్డు మాటే లేదు. చేపలమ్మి వీధి మొదట్లో కేకేస్తే, వీధి చివర మా అక్క తలస్నానం చేసేది. చేపల పేర్లు నోట రానిచ్చేది కాదు, "ఆ నీళ్లలోవి" అనేది. (స్నానం సంగతి కొంచెం పెంచాను. రెండోది అక్షరాలా నిజం.)

పోయిన ఎండాకాలం వాంతులు పట్టుకుని అక్క ఒంట్లో ఉప్పు పడిపోయింది. మాట తడబడింది. నన్ను చూసి, "కొట్టు మూసీలేదేటి నాన్నా?" అంది. మా నాన్న పోయి ఎన్నేళ్లో! ఆ పూటే దగ్గర్లోని నర్సింగ్ హోంలో చేర్చాం.

"ఉప్పు ఎక్కిస్తున్నాం. మనసు తేరుకుంటే ఇక్కడే ఉంచుదాం. లేకపోతే విశాఖపట్నం తీసుకెళ్లాలి" అన్నాడు డాక్టరు. "కానీ గుండె బలహీనం. దార్లో ఏమవుతుందో చెప్పలేను."

మనసు తేరుకుందో లేదో కనిపెట్టి చెప్పేది నర్సు మినతి. రంభ నుంచి వచ్చిన ఒడియా ఆవిడ. తెలుగు బాగానే మాట్లాడేది, వరసలు మాత్రం ఒడియావే. అక్కను మౌసీ అనేది, అంటే పిన్ని. నన్ను భాయినా అనేది, అంటే అన్నయ్య.

ఆ పరీక్షకు మిషనేమీ లేదు. మంచం పక్కన కుర్చీ వేసుకుని పేరడిగేది. ఇది ఏ ఊరు, ఇది ఇల్లా ఆస్పత్రా, ఇప్పుడు పొద్దున్నా సాయంత్రమా అనేది. నన్ను చూపించి ఈయనెవరు అనేది. వారాల పేర్లు వెనక నుంచి చెప్పమనేది. నోరు అడుగుతుంటే కళ్లు మాత్రం రోగి చేతులమీదే. దుప్పటిని ఊరికే పీకుతున్నాయా అని. చివర్లో మూడు మాటలు చెప్పి, కాసేపాగి తిరిగి చెప్పమనేది. ఆ మాటలు ఒక్కొక్కరికి ఒక్కో రకం. రెండు ఆ మనిషి బతుకులోంచి తీసేది, ఒకటి సంబంధం లేనిది.

మా అక్కకు ఇచ్చినవి: తక్కెడ, పసుపుకొమ్ము, గొడుగు.

కాసేపాగి అడిగితే అక్క తడుముకోకుండా చెప్పింది. "తెడ్డు, కవళ్లు, గంట."

కవళ్లు! మా అక్క నోట చేప పేరు! నాకు నవ్వాగలేదు. మినతి వైపు చూశాను. ఆవిడ మొహంలో రక్తం లేదు.

మధ్యాహ్నం మినతి మళ్లీ తక్కెడ, పసుపుకొమ్ము, గొడుగు అనే చెప్పింది. మళ్లీ తెడ్డు, కవళ్లు, గంట అనే వచ్చాయి. ఈసారి అక్క ఆవిడ చెయ్యి పట్టుకుని, "సరిగ్గా సెప్పీనా? ఇంక ఇంటికెల్లొచ్చా?" అని అడిగింది. గొంతు అక్కదే. ఆ బతిమాలడం మాత్రం ఆవిడది కాదు. మా అక్క పుట్టి బుద్ధెరిగి ఎవర్నీ బతిమాలలేదు.

మినతి నన్ను వరండాలోకి పిలిచింది. ముందురోజు దాకా ఆ మంచం మీద రామయ్యపట్నం నుంచి వచ్చిన ముసలి మత్స్యకారుడు ఉండేవాడట. మూడు మాటలూ సరిగ్గా చెబితే ఇంటికి పంపిస్తామన్నారట. ఈవిడ తెడ్డు, కవళ్లు, గంట అని చెప్పింది. ఇంతలో పక్క వార్డులో ఎవరికో ఊపిరాడక పిలిస్తే పరిగెత్తింది. తిరిగొచ్చేసరికి ఆయన ప్రాణం పోయింది.

"ఆ మాటలు నేనెవరికీ చెప్పలేదు భాయినా."

"నీకు తెలీకుండా గొణిగుంటావు. అక్క విని ఉంటుంది" అన్నాను.

"గొణిగానేమో. మరి ఇంటికెళ్లొచ్చా అన్నది కూడా నేనే గొణిగానా?"

 

ఆవిడ లోపలికెళ్లి మళ్లీ అడిగింది. మళ్లీ అవే వచ్చాయి. ఈసారి మినతి తప్పని రాసుకోలేదు. అక్క చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకుని, "మూడూ సరిగ్గా చెప్పావు మౌసా. ఇంటికెళ్లు" అంది. మౌసీ అనలేదు. మౌసా అంది, బాబాయిని పిలిచినట్టు.

అక్క పెద్ద ఊపిరి వదిలి నిద్రపోయింది. దుప్పటి పీకడం ఆగింది.

సాయంత్రం లేచేసరికి మా పాత అక్క. పేరు చెప్పింది, ఊరు చెప్పింది, వారాలన్నీ వెనక్కి అప్పజెప్పింది. ఈయనెవరని మినతి నన్ను చూపిస్తే, "నా తమ్ముడు. ఈడు సెప్పిందేదీ రాసుకోకమ్మా, అన్నీ కోతలే" అంది. ముగ్గురం నవ్వాం. విశాఖ వెళ్లక్కర్లేదని ఇంటికి ఫోను కూడా చేశాను.

మినతి మళ్లీ తక్కెడ, పసుపుకొమ్ము, గొడుగు అని చెప్పింది. బయట ఎవరో సిస్టర్ అని పిలిచారు. ఆవిడ ఇంకో సిస్టర్‌ని పంపింది, తను మాత్రం కుర్చీలోంచి లేవలేదు. కాసేపాగి అడిగింది.

"తక్కెడ" అంది అక్క. "పసుపుకొమ్ము."

మూడోది వెతుక్కుంది. నేను అందించబోతే, ఆగరా అన్నట్టు వేలెత్తింది. నా చిన్నప్పుడు ఎక్కాలు చెప్పించేటప్పుడు వేలు అలాగే ఎత్తేది. ఆ వేలు కాసేపు అలాగే ఉండి, మెల్లగా దుప్పటి మీదికి వాలింది.

డాక్టరు పరిగెత్తుకొచ్చాడు. గుండె అన్నాడు.

చలికాలంలో మినతి ఫోను చేసింది. అదే మంచం మీద ఛత్రపురం నుంచి వచ్చిన ఒడియా మాస్టారున్నాడట. తెలుగు ముక్క రాదు. ఆయనకు సుద్దముక్క, గడియారం, మామిడిపండు అని ఒడియాలో చెప్పింది. ఆయన మూడూ ఒడియాలోనే తిరిగి చెప్పాడు. ఆవిడ లేవబోతుంటే వేలెత్తి ఆపాడట. కాసేపు ఆలోచించి ఇంకో మాటన్నాడట, తెలుగులో.

"గొడుగు."

"నువ్వేమన్నావమ్మా?" అని అడిగాను.

"సరిగ్గా చెప్పావు మౌసీ అన్నాను భాయినా. మాస్టారు నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు."

ఇదెలా జరిగిందో నాకిప్పటికీ తెలీదు. ఆ నర్సు నా ఏడుపు చూసి ఓదార్చడానికి అబద్ధమాడిందేమో అనీ అనుకున్నాను. కానీ వేలెత్తడం అక్క పాత అలవాటని ఆవిడకు నేనెప్పుడూ చెప్పలేదు. బజారులో అడిగితే ఎప్పటిలాగే నవ్వుతారు, ఇదీ నీ కోతే అంటారు.

కోతే అయితే, ఆ మూడో మాట మా అక్కచేతే చెప్పించి, చెయ్యి పట్టుకుని ఇంటికి తెచ్చుకునేవాణ్ణి కదా.