ఎల్ మాస్టారి రెండు రేకులు

మా ఊళ్ళో బండి నడిపే ఏ ఇద్దరిని ఆపి అడిగినా, ఒకరికి ఎల్ మాస్టారే నేర్పి ఉంటారు. ఆయనకి అసలు పేరొకటి ఉండే ఉంటుంది. ఉత్తరాలు తెచ్చే ఆయనకి తప్ప అది ఎవరికీ అక్కర్లేకపోయింది. ఆయన భార్య, మేమంతా పిన్నిగారు అని పిలిచే ఆవిడ కూడా, "ఏమండీ ఎల్ మాస్టారూ, అన్నానికి వస్తారా, కారుకే పెట్టమంటారా?" అని కేకేస్తుంది.

మనిషి సన్నగా వెదురుకర్రలా ఉంటారు. వేసుకునే చొక్కాలు మాత్రం ఎల్ సైజు. "అక్షరం మీద అభిమానమమ్మాయ్, ఒళ్ళు చూసి కొనలేదు," అనేవారు. డ్రైవింగు స్కూలంటే ఇంటి పక్కనున్న ఒక్క గది. అదీ ఎల్ ఆకారంలోనే ఉంటుంది. పొడుగు పాయలో పాత కారు, పొట్టి పాయలో బల్ల, రెండు కుర్చీలు, గోడకి ఒక మేకు. ఆ మేకుకి రెండు రేకులు వేలాడుతుంటాయి. నూనెడబ్బా కత్తిరించి, అంచులు మడిచి, తెల్లరంగు వేసి, పైన ఎర్రగా ఎల్ రాసినవి, నేర్చుకునేవాళ్ళ కారుకి ముందొకటి, వెనకొకటి కట్టేవి. బజార్లో అంటించుకునే కాగితాలు వచ్చాక కూడా ఆయన ఆ రేకులు వదల్లేదు. రంగు వెలిస్తే మళ్ళీ ఆయనే కుంచె పట్టుకుని దిద్దేవారు.

ఆ ఒక్క అక్షరంతో ఆయన చేయించని పని లేదు. మలుపు తిప్పడం చెప్పాలంటే మోచెయ్యి ఎల్‌లా మడిచి, "ముందు ఇక్కడిదాకా రా, ఆ తర్వాతే తిరుగు. దోసె తిప్పినట్టు తిప్పకు," అనేవారు. గదిలో ప్లగ్గు పాడైతే విప్పి, లోపల ఎల్ అని ఉన్నచోటు చూపించేవారు. "ఇది కరెంటొచ్చే దారి. కారుకున్న ఎల్లు నీకు నేర్పుతుంది, ఈ ఎల్లు నిన్ను తీసుకుపోతుంది. వేలు పెట్టకు!"

నేను ఆయన దగ్గరికి వెళ్ళేసరికి నాకు నలభై ఒకటి. మా ఆయన పనిచేసే మిల్లు మూతపడి ఏడాది అవుతోంది. పసిపిల్లల బడివాళ్ళు వ్యాను నడపడానికి ఆడమనిషి కావాలన్నారు, బడి తెరిచేలోగా లైసెన్సు తెచ్చుకుంటే ఉద్యోగం నీదే అన్నారు. ఇంట్లో ఆ మాట చెబితే మా ఆయన నవ్వాడు. "నీకు సైకిలే రాదు కదే!" అన్నాడు. నాకసలే ముక్కుమీద కోపం. చెప్పులేసుకుని తిన్నగా మాస్టారి గదికి పోయాను.

"ఈ వయసులో వస్తుందంటారా మాస్టారూ?"

"రోమను అంకెల్లో ఎల్ అంటే యాభై. నీకింకా తొమ్మిదేళ్ళు టైముంది, కూర్చో."

మొదటిరోజు నాలుగు రోడ్ల కూడలిలో కారు ఏడుసార్లు ఆగిపోయింది. వెనక హారన్లు. కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఒక స్కూటరువాడు మరీ చెవిలో ఊదినట్టు మోగిస్తుంటే దిగిపోయి, "నీ అమ్మ కడుపులోంచే నేర్చుకుని పుట్టావా?" అని అరిచాను. మాస్టారు మాత్రం తన సీట్లోంచి కదల్లేదు. నేను తిరిగొచ్చి కూర్చున్నాక, "అయిందా? ఇప్పుడు క్లచ్ మెల్లగా వదులు," అన్నారు. ఆ మాట ఆ నెలలో వెయ్యిసార్లు విని ఉంటాను. విసుగు, కోపం ఎన్నడూ వినపడలేదందులో.

రెండోరోజు ఆ రేకులు తీసెయ్యమని బతిమాలాను. మా తోటికోడలు ఇల్లు ఆ దారిలోనే. ఆవిడ చూసిందంటే ఊరంతా టముకేసినట్టే.

"ఎందుకమ్మాయ్ సిగ్గు? రాకపోయినా వచ్చినట్టు నటిస్తే సిగ్గుపడాలి," అన్నారాయన. "జనం చెడ్డవాళ్ళు కాదు. మనకి రాదని వాళ్ళకి తెలీదు, అంతే. చెప్పామనుకో, కాస్త జాగా ఇస్తారు. ముందు కట్టిన ఎల్లు ఎదురొచ్చేవాడికి, వెనక కట్టింది వెనకొచ్చేవాడికి. మధ్యలో ఉన్న నువ్వు నీ పని చూసుకో."

మొదటి పరీక్షలో తప్పాను, రెండోదాంట్లో నెగ్గాను. ఆయన దగ్గర ఒక పద్ధతి ఉంది. నెగ్గినవాళ్ళు కారుకి కట్టిన రేకులు తమ చేతులతోనే విప్పాలి. వెనక రేకు వీపుమీద మేకుతో ఒక గీత గియ్యాలి. అప్పటికే అక్కడ గీతలు వరసలు వరసలుగా ఉన్నాయి. నేనూ ఒకటి గీసి, కళ్ళు తుడుచుకుంటూ ఇంటికొచ్చాను. బడి తెరిచిన రోజున వ్యాను ఎక్కాను. ఇవాళ మా ఇంట్లో పొయ్యి వెలుగుతోందంటే, మా అమ్మాయి పై చదువు చదువుతోందంటే, ఆ గీత చలవే. ఈ మాట చెప్పడానికి నాకేమీ మొహమాటం లేదు.

మూడేళ్ళ తర్వాత, ఒక పొద్దున్న రేకు మీద రంగు దిద్దుతూ దిద్దుతూ మాస్టారు కుర్చీలోంచి పక్కకి ఒరిగిపోయారు. పక్షవాతం. ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. ఆసుపత్రిలో డాక్టరుగారు స్కాను ఫిల్మును వెలుతురుకి ఎత్తి చూస్తుంటే, మూలన తెల్లగా ఒక ఎల్ కనపడింది. ఎడమవైపని గుర్తు. మాస్టారు దాన్ని చూసి, ముద్దమాటలతోనే, "ఇక్కడా... మనదే," అన్నారు. పిన్నిగారు నవ్వలేక, ఏడవలేక కొంగు నోట్లో కుక్కుకుంది.

"మొదటి మూడు నెలలూ ముఖ్యం. రోజూ నడవాలి, ఇంట్లో నాలుగడుగులు చాలవు, బయట నడవాలి. బద్ధకిస్తే ఆ కాలు అలాగే ఉండిపోవచ్చు," అని డాక్టరుగారు ఖచ్చితంగా చెప్పారు.

ఇంటికొచ్చాక నాలుగు కాళ్ళ చేతికర్ర కొన్నారు. చెప్పులు తారుమారుగా తొడుక్కుంటున్నారని పిన్నిగారు ఎడమచెప్పులో పెన్నుతో పెద్ద ఎల్ రాసిపెట్టింది. మొదటిరోజు మాస్టారు వీధిలోకి వచ్చి, గుమ్మం దాటి పది అడుగులు వేశారో లేదో, ఎదురింటావిడ బుగ్గలు నొక్కుకుంది. "అయ్యో, ఎలాంటి మనిషి ఎలా అయిపోయాడమ్మా!" అంది. ఆవిడ జాలిపడే అంది, నేను కాదనను. మాస్టారు మాత్రం అక్కడే వెనక్కి తిరిగారు. ఆ తర్వాత గుమ్మం దాటితే ఒట్టు. లోపలి గదిలో కిటికీకి వీపు పెట్టి కూర్చునేవారు. అలా రెండు నెలలు గడిచిపోయాయి.

నేను పిల్లల్ని దింపేసి మధ్యాహ్నం పూట వెళ్ళేదాన్ని. ఒకరోజు పిన్నిగారు వాకిట్లోనే నా చెయ్యి పట్టుకుంది. "ఇంక ఒక్క నెలే ఉందమ్మాయ్. నా మాట చెవిన పెట్టడం లేదు. నువ్వైనా చెప్పవే," అంది. వెళ్ళి మెత్తగానే చెప్పాను. బతిమాలాను.

"నడక రానివాడికి వీధిలో ఏం పనమ్మాయ్?" అన్నారు గోడకేసి చూస్తూ.

అంతే, నా కోపం నషాళానికంటింది. తన దాకా వస్తేగానీ తెలీదంటారే, అదీ సంగతి! లేచి కారు గదిలోకి పోయాను. మేకుకున్న రెండు రేకులూ తీశాను. పురికొస తెచ్చి రెంటినీ కలిపి ముడేసి, వచ్చి ఆయన మెళ్ళో వేశాను. గుండెల మీద ఒక ఎల్, వీపు మీద ఒక ఎల్.

పిన్నిగారు, "ఓసి నీ తెలివి తెల్లారినట్టే ఉంది, ఏమిటే ఇది!" అని గుండె మీద చెయ్యేసుకుంది. మాస్టారు నాకేసి చూసిన చూపుకి నాకే చెమటలు పట్టాయి. అయినా నోరు ఊరుకుంటుందా?

"ముందుది ఎదురొచ్చేవాడికి, వెనకది వెనకొచ్చేవాడికి. మధ్యలో ఉన్న మీరు మీ పని చూసుకోండి," అన్నాను. "రాకపోవడం సిగ్గు కాదని చెప్పింది మీరా, మా తోటికోడలా?"

హద్దు దాటానేమో, జబ్బుపడ్డ మనిషిని పదిమందిలో నవ్వులపాలు చెయ్యబోతున్నానేమో అనిపించింది. క్షమించమని అడగబోయాను. అంతలో ఆయన కుడిచేత్తో తాడు సవరించుకున్నారు.

"వెనకది వంకరగా ఉంది," అన్నారు. "సరిగ్గా కట్టు."

కట్టాను. రేకు వీపున ఉన్న గీతలన్నీ, నా గీతతో సహా, మాస్టారి వీపుకి ఆనుకున్నాయి. చేతికర్ర అందించాను. నేనూ పిన్నిగారూ చెరోపక్కా నడిచాం.

ఎదురింటావిడ అరుగు మీదే ఉంది. రేకు చూసి ముందు బిత్తరపోయింది, తర్వాత పకపకా నవ్వింది. "అయితే మాస్టారూ, నేను కాస్త పక్కకి తప్పుకోవాలన్నమాట!" అంటూ దారికడ్డంగా ఉన్న పూలకుండీని లోపలికి లాగేసింది. ఆ నోటితోనే అయ్యో అన్న మనిషి ఆవిడ. మాస్టారు చెప్పింది నిజమే, జనానికి చెప్పాలి, అంతే.

సందు చివర పెద్దరోడ్డు దాటుతుంటే సగంలో ఆయన కాలు మొండికేసింది. అటునుంచి బస్సు వస్తోంది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. బస్సు ఆగింది. దాని వెనక లారీ, స్కూటర్లు, పాలవ్యాను, అన్నీ ఆగాయి. ఒక్క హారను మోగలేదు. బస్సు డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టాడు. నాకంటే పదేళ్ళ ముందు గీత గీసినవాడు.

"మాస్టారూ! కంగారు లేదు," అని అరిచాడు. "క్లచ్ మెల్లగా వదలండి!"

మాస్టారి మూతి సగమే కదిలింది. సగం మూతితో నవ్వితే మనిషి అంత బాగుంటాడని నాకు తెలీదు. కాలు ఎత్తారు. రోడ్డు దాటారు. పిన్నిగారు ఆ బస్సుకేసి తిరిగి, లోపల ఉన్నవాళ్ళందరికీ కలిపి ఒక్క దణ్ణం పెట్టింది.

ఇక రోజూ అదే పని. నేను వెళ్ళేసరికి ఆయనే రేకులు వేసుకుని గుమ్మంలో నిలబడి, "ఆలస్యమైంది," అనేవారు. ముందు సందు చివరిదాకా, తర్వాత కూడలిదాకా. డాక్టరుగారి గడువు ఇంకో రెండు రోజుల్లో తీరుతుందనగా, కూడలిదాకా ఒంటరిగా వెళ్ళి ఒంటరిగా తిరిగొచ్చారు. నేనూ పిన్నిగారూ గుమ్మం పట్టుకుని చూస్తూ నిలబడ్డాం.

వచ్చి, తిన్నగా కారు గదిలోకి వెళ్ళి, బల్ల ముందు కూర్చున్నారు. మెడలోంచి తాడు తానే తీశారు. వెనక రేకు తిరగేసి, "మేకు," అన్నారు. ఇచ్చాను. ఆయన దాన్ని కుడిచేతిలోంచి ఎడమచేతిలో పెట్టుకున్నారు. ఆ వేళ్ళు మేకుని పట్టుకోవడానికే ఎంతసేపో పట్టింది. రెండుసార్లు జారిపోయింది. నేను తీసివ్వబోతే వద్దన్నట్టు చూశారు. మూడోసారికి రేకు మీద కిర్రుమని చప్పుడైంది. ఆఖరి వరసలో, చివరగా, పాకుతున్న పురుగులా ఒక గీత పడింది. అన్ని గీతల్లోకీ వంకరది అదే.

నాకు ఏడుపాగలేదు. ఆయన గీతను వేలితో ఒకసారి తడిమి, రేకులు నా చేతికిచ్చి గోడ మేకుకి తగిలించమన్నారు.

"నేర్చుకుంటామని అడిగినవాళ్ళుంటే రేపట్నించి రమ్మను," అన్నారు. "నా సీట్లో నువ్వు కూర్చో. నేను వెనకాల కూర్చుంటా."