మా అత్త మాట్లాడని రోజు

మొన్న ఆదివారం ఆరాధన ముగిశాక స్త్రీల కూటం కార్యదర్శి నన్ను గుమ్మం దగ్గర పట్టుకుని, వచ్చే నెల జగదల్‌పూర్‌లో జరిగే సభల్లో నేనొక అరగంట మాట్లాడాలని చెప్పింది. దేని గురించమ్మా అంటే, పాత నిబంధనలో మౌనం గురించి అంది. మౌనం గురించి అరగంట మాట్లాడడమేమిటని నాకు నవ్వొచ్చింది గానీ ఆవిడ నవ్వలేదు. పైగా ఈసారి కొత్త మైకు సెట్టు తెప్పిస్తున్నామనీ, బస్టాండు దాకా వినబడుతుందనీ భరోసా ఇచ్చింది. ఉద్యోగమంతా పిల్లల్ని నోరు మూయించడంతోనే గడిపిన పంతులమ్మని కాబట్టి ఈ అంశం మీద నాకేదో అధికారం ఉందనుకుని ఉండాలి. ఉందనే నేనూ అనుకుంటాను. సరేనని ఇంటికొచ్చి, బైబిలు తెరిచి, మధ్య మధ్య కాగితం ముక్కలు పెట్టుకుంటూ కూర్చున్నాను. మౌనం అన్న మాట వచ్చిన ప్రతి చోటా నాకు మా మేనత్తే కనబడింది. విడ్డూరమేమిటంటే, ఈ కిరందూల్ రైలు లైను పొడుగునా మా మేనత్తంత మాటకారి ఇంకొకరు లేరు.

అత్తది బొబ్బిలి దగ్గర పల్లె. రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా ఉన్న మామయ్యని చేసుకుని, జగదల్‌పూర్‌కీ దంతెవాడకీ మధ్య ఒక చిన్న స్టేషన్‌కి కాపురానికొచ్చింది. ఒక వరస క్వార్టర్లు, ఒక కిరాణా కొట్టు, చుట్టూ సాల్ చెట్ల అడవి, అంతే ఊరు. మామయ్య లైను మీదే పోయాడు. ఆయన బదులు అత్తకి స్టేషన్‌లో చిన్న పని ఇచ్చారు, క్వార్టరు మిగిలింది. పక్క ఊరి బడిలో నాకు ఉద్యోగం రావడంతో నేనూ ఆమె దగ్గరే చేరాను. ఇంట్లో తెలుగు, స్టేషన్ బాబుతో హిందీ, గంపలతో వచ్చే ఆడవాళ్ళతో హల్బీ, మేకల్ని అదిలించడానికి గోండీ. నాలుగు భాషల్లోనూ ఆమెకి మొదలుపెట్టడం వచ్చు, ఆపడం రాదు. ఇనప రాయి మోసుకుపోయే గూడ్సు ఇంటి ముందు నుంచి వెళ్తుంటే కాలనీ అంతా మాట ఆపి, చివరి పెట్టె దాటేదాకా కాచుకునేది. మా అత్త గొంతు పెంచేది. బండి వెళ్ళిపోయాక కూడా ఆ పెంచిన గొంతు దింపడం మర్చిపోయేది.

అలాంటి మనిషికి బైబిల్లో నచ్చిన చోట్లన్నీ ఎవరూ నోరు విప్పనివే. ఏలీయా కొండ గుహలో దాక్కున్న కథ ఆమె ఎన్నిసార్లు చెప్పిందో. బండల్ని పగలగొట్టే గాలి వస్తుంది, అందులో దేవుడు లేడు. భూమి అదురుతుంది, అందులోనూ లేడు. నిప్పు వస్తుంది, అక్కడా లేడు. అన్నీ సద్దుమణిగాక, చెవి పెడితే గానీ వినబడనంత నిమ్మళంగా ఒక స్వరం. "అరిస్తే వినడానికేటుందే, మెల్లిగా అంటేనే మనం చేతిలో పని ఆపాల" అనేది అత్త, చేతిలో పని ఆపకుండానే. యోబు కథ ఇంకా ఇష్టం. పిల్లలూ గొడ్లూ సర్వం పోగొట్టుకుని అతను బూడిదలో కూర్చుంటే, స్నేహితులు ముగ్గురు దూరాన్నుంచి వచ్చి, అతన్ని చూసి ఏడ్చి, నేల మీద అతని పక్కన వారం పాటు ఒక్క మాటా లేకుండా కూర్చుంటారు. ఆ తర్వాత వాళ్ళు మాట్లాడడం మొదలుపెడితే పుస్తకం దాదాపు చివరిదాకా అదే. మా చర్చి అయ్యగార్లు ప్రసంగాలు చేసేది ఆ మాటల మీదే. అత్తకి ఆ మాటలు పట్టవు. నోరు మూసుకున్నన్నాళ్ళూ బంగారంలాంటి మనుషులు, ఆనక పాడైపోయారని ఆమె తీర్పు. బళ్ళో పాఠాలు చెప్పి వచ్చిన నేను, ఇదంతా చెప్పడానికి నువ్వెంత మాట్లాడుతున్నావో చూసుకున్నావా అని ఆటపట్టించేదాన్ని. ఆమె పట్టించుకునేది కాదు.

ఒక ఏడాది వానాకాలం నడిమధ్యలో అరకు వైపు ఘాట్‌లో కొండచరియ విరిగి పట్టాల మీద పడింది. లైను బంద్. రాళ్ళు తీయడానికి మా స్టేషన్ నుంచి కూడా కొందరు గ్యాంగ్‌మన్లని పంపారు. వాళ్ళలో మా పక్క క్వార్టరతను ఒకడు. ఆ ఇంట్లో అతనూ, భార్యా, మంచం పట్టిన అతని తల్లీ. సాలూరు వైపు హిందువులు. రెండిళ్ళకీ నడుమ గోడ ఒకటే కాబట్టి వాళ్ళ పైడితల్లి పటం అటూ, మా వాక్యాల క్యాలెండరు ఇటూ, ఒకే ఇటుకకి వేలాడేవి. అతను వెళ్ళిన కొద్ది రోజులకి పొద్దున్నే స్టేషన్‌కి ఖబర్ వచ్చింది, పని జరుగుతుండగా పై నుంచి మరో చరియ పడిందని. ఎవరి మీద పడిందో తెలీదు. ఘాట్‌లో ఎవరి ఫోనూ కలవడం లేదు.

గంట తిరక్కుండా ఆ ఇంటి ముందు కాలనీ అంతా చేరింది. అందరిదీ మంచి మనసే, అందులో అనుమానం లేదు. కానీ ఒకరు ముగ్గురు పోయారంటే ఇంకొకరు ఐదుగురన్నారు. ఒకాయన ఏ దేశందో కొండ కూలే వీడియో ఫోన్‌లో పెట్టి, ఇలాగే పడి ఉంటుందని అతని భార్యకే, ఆ పిల్లకే, చూపించాడు. ఒకావిడ ధైర్యం చెప్పబోయి, తన మరిది ఎలా పోయాడో మొదటి నుంచి ఎత్తుకుంది. మా అయ్యగారు వానలో పడి వచ్చి, గొడుగు మూసి, చేతులెత్తి, విధవరాళ్ళ పక్షాన నిలిచే దేవుడా అని ప్రార్థన మొదలుపెట్టేశారు. ఆయన ఉద్దేశం ఏదైనా, ఆ మాట చెవిన పడగానే ఆ పిల్ల స్తంభం పట్టుకున్నది పట్టుకున్నట్టే నేల మీదికి జారిపోయింది. ఏడుపు కూడా రాలేదు. కళ్ళు తెరుచుకుని ఉన్నాయి, చూపు లేదు. మనిషి మన కళ్ళెదుటే చేయి జారిపోవడమంటే ఏమిటో నేను అప్పుడే చూశాను, భయమేసింది.

సరిగ్గా అప్పుడు అత్త డ్యూటీ నుంచి వచ్చింది. ఇంక మాటల వరద మొదలవుతుందనుకున్నాను. ఆమె చెప్పులు విడిచి, కొంగు తల మీదికి లాక్కుని, వెళ్ళి తడి గచ్చు మీద ఆ పిల్ల పక్కన కూర్చుంది. ఏమీ అనలేదు. చేతులెత్తి నిలబడ్డ అయ్యగారి చొక్కా అంచు పట్టుకుని కిందికి లాగింది. ఆయన ప్రార్థన మధ్యలో కూలబడ్డారు. నా వైపు చూసింది, నేనూ కూర్చున్నాను. మా సంఘం ఆడవాళ్ళు ఒక్కొక్కరే కొంగులు కప్పుకుని కూర్చున్నారు. మాట్లాడకుండా ఉండలేనివాళ్ళకి ఎవరి పనులు వాళ్ళకి గుర్తొచ్చాయి. బోడా పుట్టగొడుగులు అమ్మడానికి వచ్చిన హల్బీ ఆవిడ గంప దించి, ఏమైందని ఎవర్నీ అడక్కుండా మెట్టు మీద కూర్చుంది.

ఒప్పుకుంటాను, మొదటి గంట నరకం. చెప్పడానికి ఏమీ లేకపోయినా నోరు దానంతటది కదలబోతుంది. అయ్యగారు జేబురుమాలు తీసి మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టారు. రేకుల మీద వాన, లోపల ముసలామె ఊపిరి, ఎక్కడో అత్త మేక. మెల్లమెల్లగా ఆ చప్పుళ్ళే మిగిలాయి. ఎర్ర సముద్రం ముందు, వెనక సైన్యం తరుముకొస్తుంటే, మీరు ఊరికే నిలబడండి చాలు అని బైబిల్లో జనానికి చెప్పిన మాట నాకు అక్కడ అర్థమైంది. ఏం చేయాలో తోచనప్పుడు ఏదో ఒకటి చేయకుండా ఉండడానికి చాలా బలం కావాలి. మధ్యాహ్నానికి ఆ పిల్లకి ఏడుపొచ్చింది. ఎవరూ వద్దనలేదు. ఏడ్చి, అత్త అందించిన నీళ్ళు తాగి, ఆమె తొడ మీద తల పెట్టి పడుకుంది. పాలు మరిచిన బిడ్డ తల్లి ఒళ్ళో ఏదీ వెతుక్కోకుండా పడి ఉంటుందే, నా ప్రాణం అలా ఉందని కీర్తనల్లో ఒకచోట ఉంటుంది. అంతకు ముందు అది నాకు ముద్దుమాటలా ఉండేది.

ఇదంతా బాగానే ఉంది గానీ, మా అత్త ఒక్కటి ఆలోచించలేదు. మా సంఘం వాళ్ళం నలుగురం ఒకచోట చేరామంటే కంజీరా, చప్పట్లూ, పాటా ఉండి తీరాలి. అందులోనూ మా అత్త ఉంటే ఆ హోరు ముందు గూడ్సు బండి కూడా చాలదు. అలాంటిది అంతమందిమి ముసుగులు వేసుకుని, అత్తతో సహా ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంటే, దారిన పోయేవాళ్ళు ఏమనుకుంటారు? ఆవిడ నోరే మూతపడిందంటే ఖబర్ పక్కా అయిపోయిందని ఊరు తేల్చేసింది. స్టేషన్‌లో టోపీలు తీశారు. కొట్టు సేఠ్ షట్టరు సగానికి దించాడు. వెదుళ్ళు కొట్టడానికి ఒకరిద్దరు బయల్దేరారని తర్వాత తెలిసింది. దుఃఖంలో ఉన్న ఇంటికి మేం మౌనం మోసుకెళ్తే, బతికున్న మనిషికి పాడె కట్టే దాకా వచ్చిందన్నమాట.

ఆ బతికున్న మనిషి ఇంకా పొద్దు ఉండగానే వచ్చాడు. చరియ పడ్డప్పుడు పక్కకి దూకిన వాళ్ళలో అతనొకడు. ఇద్దరికి దెబ్బలు తగిలాయి గానీ ఎవరి ప్రాణమూ పోలేదు. ఫోను బురదలో పోయింది. లారీలో జగదల్‌పూర్‌కీ, అక్కణ్ణుంచి బస్సులో రోడ్డు మలుపుకీ వచ్చి, వానలో నడుచుకుంటూ బీడీ కోసం కొట్టు దగ్గర ఆగాడట. సేఠ్ అతన్ని చూసి రెండు చేతులూ జోడించి అలాగే నిలబడిపోయాడట. అతను బీడీ అడక్కుండానే ఇంటి దారి పట్టాడు. గేటు దాకా వచ్చేసరికి వాకిట్లో ముసుగుల వరస.

మా వీపులు గేటు వైపు. ఎవరం చూడలేదు. ఒక దగ్గు వినబడింది, బీడీలు తాగేవాడి దగ్గు, గొంతులోనే ఆపుకున్నది. ఏ ఒక్కరు మాట్లాడుతున్నా అది వానలో కలిసిపోయేది. అత్త ఒళ్ళో ఉన్న తల లేవలేదు, వేళ్ళు మాత్రం అత్త చీర కుచ్చిళ్ళని గట్టిగా పట్టుకున్నాయి. అప్పుడు మేమందరం తిరిగి చూశాం. అతను గేటు పట్టుకుని మమ్మల్నీ, మా వెనక చీకటిగా ఉన్న గుమ్మాన్నీ చూస్తున్నాడు.

"అమ్మేనా?" అన్నాడు.

పొద్దుటి నుంచి మూసుకున్న నోరు అత్త అప్పుడు విప్పింది.

"ఎవులూ పోనేదురా. మీ యమ్మ గంజి తాగి తొంగున్నాది. నీ కోసవే కూకున్నాం. కాళ్ళు కడుక్కుని లోపలికి రా."

అతను కాళ్ళు కడుక్కోలేదు, గేటులోనే బురదలో కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆ పిల్ల లేచి బకెట్టు తీసుకెళ్ళి, వానలో తడుస్తున్న మనిషి కాళ్ళ మీద బకెట్టు నీళ్ళన్నీ వంచింది. ఇంతలో అయ్యగారు లేచి నిలబడ్డారు. అందరం హడలిపోయాం. ఆయన "ఆమెన్" అని మళ్ళీ కూర్చున్నారు. ఆయన చేసిన ప్రార్థనల్లో నాకు బాగా నచ్చింది అదే, ఆయనతోనూ ఈ మాట అన్నాను.

తర్వాత ఒకనాడు బియ్యంలో రాళ్ళు ఏరుతూ అత్తని అడిగాను, ఆ రోజు నీకు అలా కూర్చోవాలని ఎలా తోచిందని. మామయ్య పోయినప్పుడు జరిగిన ఆదరణ కూటం గురించి చెప్పింది. ఎక్కణ్ణుంచో పెద్ద ప్రసంగీకుణ్ణి పిలిపించారు. ఇద్దరు కొడుకులు నిప్పుకి ఆహుతైనా అహరోను నోరెత్తలేదనీ, ఈ సహోదరి కూడా అలాగే ఉందనీ, విశ్వాసమంటే ఇదనీ ఆయన చాలాసేపు మెచ్చుకున్నాడట.

"ఇస్వాసం కాదే, గొంతు రానేదు" అంది అత్త. "ఆ పూట ఎంతమంది నిలబడి మాటాడేరో. నా పక్కన కూకున్నోలు ఒక్కరూ నేరు. అందుకే ఆనక ఇలాగైపోనాను. నేను వాగతా ఉంటే ఇంకొకలు నన్ను ఓదార్చనేరు కదా."

నేను చేట పక్కన పెట్టాను. అత్త నన్ను చూసి నవ్వి, సరే గానీ ఆ సేఠ్ మొహం చూశావా ఆ రోజు అంటూ కథ అందుకుంది.

పోయిన ఏడాది వానల్లో అత్త ఇక్కడ బచేలీలో నా దగ్గరే కన్ను మూసింది. ఆదరణ కూటం పెట్టాం. చాలామంది వచ్చారు, చక్కగా మాట్లాడారు. వాళ్ళ మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. అందరూ వెళ్ళాక చూస్తే, ఆ పక్క క్వార్టరు పిల్ల కిరందూల్ నుంచి వచ్చి ఉంది. పిల్లేమిటి, జుట్టు నెరిసింది. యోబు ఎవరో ఆమెకి తెలీదు, అత్త ఎప్పుడైనా చెప్పి ఉంటే తప్ప. నా పక్కన కింద కూర్చుని, కొంగు తల మీదికి లాక్కుంది. నేను ఏడ్చాను, ఆపాను, మళ్ళీ ఏడ్చాను. ఆమె కదల్లేదు. దీపాలు పెట్టే వేళకి గేటు దగ్గర ఒక దగ్గు వినబడింది. అప్పుడు లేచి, నా చేయి ఒకసారి నొక్కి, మొగుడి వెంట వెళ్ళిపోయింది.

కాబట్టి సభల్లో ఏం చేయాలో నాకు తెలుసు. ఈ కథ చెప్పి, మైకు కట్టేయించి, మిగిలిన సమయమంతా వేదిక దిగి ఆడవాళ్ళ మధ్య నేల మీద కూర్చుంటాను. కార్యదర్శి కంగారు పడుతుంది, పడనీ. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ వింటూ వచ్చిన ప్రసంగాల్లో ఒక్క వాక్యం కూడా నాకిప్పుడు జ్ఞాపకం లేదు. ఇన్నేళ్ళు వాటినన్నిటినీ తీసుకుపోయాయి గానీ, నా పక్కన ఎవరూ ఏమీ మాట్లాడని ఆ రెండు పూటల్నీ ఇంకా ముట్టుకోలేదు.